పుట్టింటి గుడ్డ

"ఆ గుడ్డ ఇలా తే."

"ఇవ్వను."

కర్సాంగ్ రెండోసారి అడగలేదు. వంటింటి గుమ్మానికి భుజం ఆనించి, మెందో చంకలో నొక్కిపెట్టుకున్న తెల్లగుడ్డ వైపు చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిది గజాల కొత్త నూలుగుడ్డ. గంజి వాసన ఇంకా పోలేదు. మెందో దాని మడత కూడా విప్పలేదు.

తొమ్మిది కావస్తోంది. నది మీంచి లేచిన మంచు గ్లెనార్కీ పేట వీధులన్నీ మింగేసి ఎదురింటి కంచె దాకా వచ్చి ఆగింది. పది గంటలకల్లా హాల్లో ఉండాలి. ఇవాళ పెద్దత్త పోయిన నలభై తొమ్మిదో రోజు. ఘేవా జరిపించి, పోయిన మనిషిని దారి పట్టించే రోజు.

"నూట యాభై మందికి వండుతున్నారు అక్కడ" అన్నాడు కర్సాంగ్. "పుట్టింటి గుడ్డ పడకపోతే అమ్మ బదులు కూచోబెట్టే బొమ్మకు ముఖం కట్టరు. ముఖం లేకపోతే లామాగారు సాగనంపరు. మా అమ్మను నడిదారిలో నిలబెడతావా?"

"ఆ బొమ్మలోకి పిలుస్తున్నది మీ అమ్మను కాదుగా బావా."

అతను గభాల్న వెనక్కి తిరిగి పెరటి తలుపు వైపు చూశాడు. అక్కడెవరూ లేరు. తలుపు గడియ వేసే ఉంది.

"మెల్లగా మాట్లాడు."

"ఎవరు వింటారని?"



పెళ్ళికి ముందునుంచీ ఆమెకు అతను బావే. మేనరికం. చనిపోయిన అత్తగారు ఆమెకు సొంత మేనత్త, తండ్రికి అక్క. ఆడది పోతే ఆమె పుట్టింటివాళ్ళు తెల్లగుడ్డ తెచ్చి, "మా ఇంటి ఆడపడుచు ఫలానా" అని నలుగురిలో పేరు చెప్పి ఇవ్వాలి. పుట్టింటి మగవాళ్ళంతా సొంతదేశంలో, రసువా కొండల్లో ఉన్నారు. ఈ దేశంలో ఆ ఇంటి రక్తం మెందో ఒక్కతే.

పోయినవాళ్ళ పేరు నలభై తొమ్మిది రోజులు ఇంట్లో ఎవరూ పలకరు. అందుకే ఆరు వారాలూ సంగతి బయటపడలేదు. శనివారం శనివారం లామాగారు సిడ్నీ నుంచి ఫోన్లో మంత్రం చదివేవారు. గంట చప్పుడులో, గబగబా చదివే చదువులో, ఆయన ఏ పేరు పెట్టి పిలుస్తున్నారో ఎవరి చెవినా పడలేదు. నిన్న సాయంత్రం ఆయన విమానం దిగి వచ్చి, ఉప్పుటీ తాగి, పట్టుగుడ్డలో చుట్టిన చీటీ తీశారు.

"బొమ్మ నుదుట అంటించేది ఇదేనమ్మా. ఒకసారి సరిచూసుకో. సేతీమాయా. అంతేగా?"

మెందో చేతిలో టీ కెటిల్ ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలిసేది కాదు.

పెద్దత్త పేరు లాల్‌మాయా. సేతీమాయా చిన్నత్త. బతికే ఉంది.

"నోటికి అలవాటైపోయింది మెందో" అన్నాడు కర్సాంగ్ ఇప్పుడు, గొంతు తగ్గించి. "ఆసుపత్రిలో అదే పేరు. బ్యాంకులో అదే, మందుల షాపులో అదే. తొమ్మిదేళ్ళు. అమ్మ పోయిన పొద్దున లామాగారు ఫోన్లో పేరడిగితే అదే వచ్చేసింది."

"వచ్చింది, సరే. మర్నాడు గుర్తుకు రాలేదా? వారానికి? ఆరు వారాలకి?"

అతను చేతిగోళ్ళు చూసుకున్నాడు.

లాల్‌మాయాకు పౌరసత్వ పత్రం ఎన్నడూ లేదు. కొడుకు పైచదువుకు వెళ్ళే వేళకు తల్లి కాగితం కావలసొచ్చి, పెళ్ళీ పిల్లలూ లేని చెల్లెలి కాగితం పెట్టారు. అక్కడి నుంచి అతుకు మీద అతుకు. కర్సాంగ్ కాగితాల్లో అతను సేతీమాయా కొడుకు. తల్లి కూడా సేతీమాయాగానే విమానం దిగింది. సేతీమాయాగానే ఆసుపత్రి మంచం మీద కన్నుమూసింది. మరణపత్రంలో ఉన్నదీ ఆ పేరే.

"మంగళవారం ఊరినుంచి మా అన్న ఫోన్ చేశాడు కదా, అప్పుడు నాకు అర్థం కాలేదు" అంది మెందో. "చిన్నత్త శనివారం శనివారం తెల్లారకుండానే లేచి గడప మీద కూచుంటోందట. ముఖం వీధి వైపు పెట్టి. అన్నంలో ఉప్పు తెలీడం లేదంటోందట. ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు, 'నువ్వు చచ్చిపోయావు, వెనక్కి చూడకు' అంటున్నారు అని చెబుతోందట. ఊళ్ళో ఎవడో చేతబడి చేశాడని అన్న కోడిని కోయించాడు. చేసింది మనం బావా."

"ముసలిదానికి మతి..."

"ఆ ముసలిది నన్ను పెంచింది." మెందో గొంతు పెరగలేదు. "మా అమ్మ పోయిననాడు నాకు నాలుగేళ్ళు. గంపలో కూచోబెట్టుకుని, నుదుటికి గంప పట్టీ వేసుకుని, నన్ను కొండ ఎక్కించి దించింది. పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయింది. నీకు కాగితం కావాలంటే పేరు కూడా తీసి ఇచ్చేసింది. సాయంత్రం ఆ పేరు చీటీని దీపంలో కాలుస్తారు. బతికున్న మనిషి చీటీ. ఏమవుతుంది?"

"ఇవన్నీ నమ్ముతావా నువ్వు?"

"నమ్మకపోతే హాలెందుకు తీసుకున్నావు?"

అతను నుదురు రుద్దుకున్నాడు. "నలుగురిలో నువ్వు ఆ పేరు తప్పంటే ఏమవుతుందో తెలుసా? సూర్యమాన్ ఉన్నాడక్కడ. మనవాళ్ళ సంఘానికి కార్యదర్శి. వాడి చెవిన పడితే ఊరంతా పడ్డట్టే. ఇక్కడి సర్కారువాళ్ళు మన కాగితాలు తిరగేస్తారు. సామాను సర్దుకోవాల్సిందే."

"సర్దుకుందాం."

"మెందో!"

"గుడ్డ పట్టుకుని నేను వస్తాను. ఏ పేరు చెప్పి ఇస్తానో అక్కడ చూద్దాం."

ఇద్దరూ కారెక్కారు. మంచులో ముందు వెళ్ళే బండి ఎర్రదీపాలు మాత్రం కనిపించాయి. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడల్లా కర్సాంగ్ అద్దంలో వెనక సీటు చూసుకుంటున్నాడు. వెనక సీట్లో బియ్యం బస్తా తప్ప ఇంకేమీ లేదు.

*

హాలు పక్కనే ఫుట్‌బాల్ మైదానం. ఆట మొదలైనట్టుంది, మంచు లోంచి అరుపులు వస్తున్నాయి కానీ మనుషులు కనిపించడం లేదు. లోపల నెయ్యిదీపాల సెగ, పొగ, ఉడుకుతున్న మాంసం వాసన. పొగ తగిలితే మోగే పైకప్పు గంటకు ఎవరో స్నానానికి వేసుకునే ప్లాస్టిక్ టోపీ తొడిగారు.

"హాలు మేనేజరొచ్చి అదేంటని అడిగితే?" అంటోంది ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతూ.

"దానికి జలుబు చేసిందని చెబుదాం" అంది ఇంకొకావిడ. నవ్వులు. మెందో చంకలో గుడ్డ చూసి నవ్వులు సర్దుకున్నాయి. పుట్టింటివాళ్ళు వచ్చారని జరిగి దారి ఇచ్చారు.

బొమ్మ లామాగారి ఎదురుగా ఎత్తుపీట మీద కూచుని ఉంది. తోటలో తీగలకు పాతే వెదురుకర్రలతో కట్టిన చట్రం, లోపల గడ్డి. పెద్దత్త ముదురాకుపచ్చ రవిక, పగడాల దండ, నడుముకు చారల పట్టీ. తల చోట గడ్డిచుట్ట మాత్రమే ఉంది. ముఖం ఇంకా లేదు. ముందు అరిటాకు మీద అన్నం, పక్కన ఆమెకు ఇష్టమని తెచ్చిన పచ్చని ఆపిల్.

బొమ్మ కట్టే పని అల్లుడి వరసవాళ్ళది. సూర్యమాన్ ఆ వరస కిందికి వస్తాడు. చేతిలో దారం ఉండతో చిరాగ్గా ఎదురొచ్చాడు.

"రా వదినా, నువ్వైనా చూడు. మూడుసార్లు విప్పి కట్టాను. కుడి భుజం బాగానే ఉంటోంది. ఎడమది దిగిపోతోంది. కొలిచి కోసిన కర్రలు! మీ అత్తగారికి భుజం వంకరుండేదా?"

"లేదు" అంది మెందో.

లేదు. పెద్దత్త చివరిదాకా నిటారుగా నడిచింది. భూకంపం నాడు దూలం పడి ఎడమ భుజం విరిగింది చిన్నత్తకు. గంప మోసీ మోసీ అది సరిగా అతుక్కోలేదు.

మెందో బొమ్మ ముందు నిలబడింది. దిగిన భుజం, ఆ భుజం వైపే కాస్త వాలిన గడ్డితల. కొండ ఎక్కి వచ్చి అరుగు మీద గంప దించి, ఊపిరి తీసుకునేప్పుడు చిన్నత్త అచ్చం అలాగే కూచునేది. మెందో చెయ్యి తనకు తెలియకుండానే ఆ భుజం మీదికి వెళ్ళింది. రవిక కింద గడ్డే ఉంది. ఆ గడ్డి వెచ్చగా ఉంది.

"దీపాల సెగ" అన్నాడు వెనకనుంచి కర్సాంగ్, అడక్కుండానే.

లామా ఉర్గెన్ గంట మోగించారు. అరవై దాటిన మనిషి, సన్నటి గొంతు, కళ్ళజోడుకు దారం కట్టుకుంటారు. పొద్దున ఆరింటినుంచీ పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది.

"పుట్టింటివాళ్ళు ముందుకు రండి."

మెందో వెళ్ళి పీట ముందు మోకాళ్ళ మీద కూచుంది. గుడ్డ రెండు చేతుల మీదా పెట్టుకుంది. హాల్లో చప్పుడు తగ్గింది. మైదానంలో బూర మోగింది, మొదటి పావు ఆట అయిపోయినట్టు.

"ఎవరి ఇంటినుంచి తెచ్చావమ్మా ఈ గుడ్డ?"

"మా నాన్న ఇంటినుంచి లామాగారూ."

"ఎవరికి?"

మెందో పెదవులు తడుపుకుంది. కర్సాంగ్ చూపు తన వీపు మీద ఉందని ఆమెకు తెలుసు.

"ఎవరికమ్మా? పేరు చెప్పి ఇవ్వాలి."

"చీటీలో ఉన్న పేరుకైతే ఈ గుడ్డ ఇవ్వను లామాగారూ."

ఎవరి చేతిలోనో గరిటె గిన్నె అంచుకు తగిలింది.

"సేతీమాయా మా చిన్నత్త. బతికే ఉంది. ఊళ్ళో, మా ఇంట్లో ఉంది. పోయింది ఆమె కాదు. ఏడు వారాలుగా మీరు బతికున్న మనిషిని పిలుస్తున్నారు."

లామాగారు గంట కింద పెట్టేశారు. శబ్దం రాకుండా, ముందు అంచు ఆనించి, తర్వాత మొత్తం. కళ్ళజోడు తీసి, ఒళ్ళో పెట్టుకుని, బొమ్మ వైపు చూశారు.

"అదా సంగతి" అన్నారు. "మొదటి వారంలోనే అనుకున్నాను. చనిపోయినవాళ్ళు ఇంత తడబడుతూ రారు. ఈమె ఆగి ఆగి వచ్చింది. ప్రతి వారం వెనక్కి తిరిగి చూస్తూ వచ్చింది. ఇల్లు మీద ప్రేమ కాబోలు అనుకుని, గట్టిగా పిలిచాను."

"పంపించెయ్యండి లామాగారూ. వెనక్కి పంపించండి."

"ముందుకు పంపడమే నాకు తెలిసిన విద్య తల్లీ." ఆయన ఏ మొహమాటమూ లేకుండా చెప్పారు. "పిలిచాను, వచ్చింది. అన్నం పెట్టాం, తీసుకుంది. ఇక్కడ ఉన్నది ఒక్క పీట. దీని మీద కూచోవలసిన మనిషి వస్తే, కూచున్న మనిషి లేచి తన ఇంటికి తను పోతుంది. కర్సాంగ్, ఇలా రా బాబూ. అసలు పేరు చెప్పు. కొడుకు నోటితోనే చెప్పాలి."

ఖాళీ చీటీ తీసి, కలం సిరాలో ముంచారు.

కర్సాంగ్ కదల్లేదు.

అందరూ తిరిగి అతన్నే చూస్తున్నారు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. సూర్యమాన్ దారం ఉండ జేబులో కుక్కుకుని అతని దగ్గరికి వెళ్ళాడు. 

"కాగితాల గురించా నీ భయం?" అన్నాడు సూర్యమాన్. "ఓరి పిచ్చోడా. ఈ హాల్లో ఎవరి కాగితాలు అతుకు లేకుండా ఉన్నాయో చెయ్యెత్తమను చూద్దాం. మా నాన్న కాగితాల్లో రాయించిన లెక్కప్రకారం నేను మా అన్నకంటే రెండు నెలలు పెద్ద. ఒక్క తల్లికే పుట్టాం ఇద్దరం. ఎవరం ఎక్కడా నోరు విప్పం. చెప్పు."

ఎవరూ చెయ్యెత్తలేదు. వెనక వరసలో ఒక ముసలాయన దగ్గాడు, అంతే.

మెందోకు కళ్ళు చెమ్మగిల్లాయి. అయిపోయింది, ఇక చెబుతాడు అనుకుంది. కర్సాంగ్ చెప్పలేదు. తల అడ్డంగా ఊపాడు.

"మరింకేంటి బావా?" అంది మెందో.

అతను నేల చూస్తూ మాట్లాడాడు. ముందు వరసకు మాత్రమే వినిపించేంత మెల్లగా.

"పేరు చెబితే వెళ్ళిపోతుంది."

"ఎవరు?"

"అమ్మ. ఇంట్లోనే ఉంది."

 లామాగారు కలం సిరాబుడ్డిలోనే ఉంచేశారు.

"మూడో రోజు పొద్దున ఆఫీసులు తుడిచే రాత్రి డ్యూటీ దిగి వచ్చి పెరటి తలుపు తీశాను" అన్నాడు కర్సాంగ్. "ఆవాల మడి పక్కన నిలబడి ఉంది. కలుపు తీయలేదేంట్రా అంది. ఇవాళ ఎన్ని అంతస్తులు తుడిచావు అంది. నేను చెప్పాను, నాలుగు అని. రోజూ అంతే. మంచు ఎండకు కరిగేదాకా ఉంటుంది. తను పోయిన సంగతి తనకు తెలీదు. ఎవరూ చెప్పలేదుగా." అతను మొదటిసారి మెందో ముఖంలోకి చూశాడు. "నీ గురించి అడుగుతోంది. మెందో నాతో మాట్లాడ్డం మానేసిందేంట్రా, నేనేమన్నా అన్నానా, అని."

 రోజూ పొద్దున మెందో ఆ పెరట్లోనే బట్టలు ఆరేస్తోంది. ఆవాల మడి పక్కనే.

"నోరు జారింది ఆసుపత్రిలో. నిజమే" అన్నాడతను. "మూడో రోజు నుంచి జారింది కాదు. తెలిసే ఊరుకున్నాను. లామాగారు తప్పు పేరు పిలుస్తున్నంతకాలం అమ్మ ఎక్కడికీ పోదు అనుకున్నాను. అటు పిన్నికి ఇలా అవుతుందని..."

"అన్న ఫోన్ చేశాక కూడా ఊరుకున్నావు" అంది మెందో.



"భయపడుతోందా ఆమె?" అడిగారు లామాగారు. ఆయన గొంతులో కోపం లేదు. వైద్యుడు అడిగినట్టు అడిగారు.

"లేదు. చలేస్తోందంటుంది."

"ఆకలి?"

"నేను తింటుంటే చూస్తుంది. పెడితే తినలేదు. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోతుంది."

"రోజురోజుకూ చలి పెరుగుతోందంటుందా?"

కర్సాంగ్ తలూపాడు. అప్పుడు ఏడ్చాడు, చప్పుడు లేకుండా, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంటూ.

"ప్రేమే అది, కాదనను" అన్నారు లామాగారు. "కానీ పశువును మేత లేనిచోట కట్టి, ఎదురుగా ఉందిగా అని చూసుకుని మురిసిపోయినట్టుంది నీ ప్రేమ. పొద్దు గుంకేది ఐదు కాకముందే. ఆ లోపు ఇంటికి వెళ్ళు. నేను వచ్చి చెబితే వినదు, నా గొంతు ఆమె ఎరగదు. కొడుకువి, నువ్వే చెప్పాలి. 'నువ్వు చనిపోయావమ్మా, నీకోసం అందరూ ఎదురుచూస్తున్నారు, నాతో రా' అని. పేరు పెట్టి పిలువు. వెంట తీసుకురా."

"మంచు కరిగిపోతే కనిపించదు."

"ఇవాళ కరగదు" అన్నాడు సూర్యమాన్ కిటికీలోంచి చూస్తూ. నిజమే. మంచు ఇప్పుడు హాలు అద్దాలకు ఆనుకుని ఉంది. మైదానంలో అరుపులు కూడా ఆగిపోయాయి. బంతి కనిపించక ఆట ఆపేసినట్టున్నారు.

"పొద్దు గుంకే లోపు రాకపోతే లామాగారూ?" అంది మెందో.

ఆయన బొమ్మను చూశారు. ఎడమ భుజం పొద్దుటికంటే ఇంకొంచెం దిగింది.

"ఈమె అంతకంటే ఎక్కువసేపు ఇక్కడ కూచోలేదు. ముందుకైనా పోవాలి, వెనక్కైనా పోవాలి. వెనక దారి తెరవడం ఇప్పుడు నీ మొగుడి చేతిలో ఉంది."

 కర్సాంగ్ కారు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. మెందో గుడ్డను సూర్యమాన్ చేతిలో పెట్టి అతని వెంట పరుగెత్తింది.

మెట్లు దిగేసరికే అతను కారులో కూచున్నాడు. ఆమె అటు తలుపు తీయబోయింది. లోపలినుంచి గడియ పడి ఉంది.

"నేనూ వస్తాను బావా. పెద్దత్తతో నేను మాట్లాడాలి. కోపమొచ్చిందనుకుంటోందన్నావుగా."

"వద్దు. పిన్ని దగ్గర ఉండు. ఒక్కతీ ఉంది."

"చెబుతావు కదా? పేరు పెట్టి, లామాగారు చెప్పినట్టు చెబుతావు కదా?"

అతను ఇంజను వేశాడు. అద్దం సగం దించాడు. అతని కళ్ళు ఆమె మీద లేవు. ఆమె భుజం మీదుగా హాలు తలుపు వైపు చూస్తున్నాయి.

"మెందో, ఒక్క పని చెయ్యి" అన్నాడు. "బొమ్మకు తొడిగిన ఆ రవిక విప్పి తెచ్చివ్వు. దళసరిది. రేపటినుంచైనా అమ్మకు కాస్త చలి ఆగుతుంది."

కిటికీ లోంచి చెయ్యి చాచి అలాగే పట్టుకున్నాడు.